ఇండోనేషియా కొత్త రాజధాని పక్కన అత్తారి ఊరు: ఇల్లా, పొలమా, అద్దె గదులా?

భీమవరం_బాలిక్‌పాపన్
నా ఉద్యోగం బోర్నియో దీవిలో, ఇండోనేషియా వైపున్న తూర్పు కాలిమంతాన్‌లో, బాలిక్‌పాపన్ షిప్‌యార్డులో. మా ఆవిడ ఇక్కడి అమ్మాయే, జావా వాళ్లు. వాళ్ల ఊరు సెపాకు మండలం పరిధిలో ఉంది, పాత రోడ్డున రెండు గంటల పైనే ప్రయాణం. సుహార్తో కాలంలో జావాలో జనం కిక్కిరిసిపోయారని సర్కారు కుటుంబాలకి కుటుంబాల్నే ఓడలెక్కించి వేరే దీవుల్లో దింపింది కదా, ట్రాన్స్‌మిగ్రేషన్ అంటారు, అలా పుట్టిన ఊరు. మా మామగారు చంటిపిల్లాడిగా వచ్చాడట. ఇంటికి 2 హెక్టార్లు ఇచ్చారు, మన లెక్కలో ఐదెకరాలకి కాస్త తక్కువ. ఇల్లూ పెరడూ పోను మిగతాదంతా పామాయిలు, ఓ మూల మిరియాలు. సర్టిఫికెట్ ఉంది, కళ్లారా చూశాను.

ఆ ఊరిప్పుడు కొత్త రాజధాని నుసంతారా హద్దుల్లో పడింది. కొత్త అధ్యక్ష భవనానికి మోటారుసైకిలు మీద పోయేంత దూరం. గోల అక్కడ మొదలైంది.

నాన్న పెరట్లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోదామని మా ఆవిడ. పక్కన 1 హెక్టారు బేరానికొచ్చింది, "రాజధాని వస్తోంది, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు బావా" అని బావమరిది. ఆ హెక్టారుకి సర్టిఫికెట్ లేదు, సెగెల్ కాగితం ఉంది. అంటే ఊరి పెద్ద సాక్షి సంతకంతో స్టాంపు కాగితం మీద రాసుకున్నది. నాకేమో రోడ్డు వైపు ఆరు గదులేసి పనివాళ్లకి అద్దెకిద్దామని ఉంది.

భీమవరం దగ్గర చెరువు అమ్మిన డబ్బు కొంత చేతిలో ఉంది. చెప్పండి. తిట్టేవాళ్లు కారణం చెప్పి తిట్టండి.

తుళ్లూరు_పొలంగట్టు
"రాజధాని వస్తోంది" అన్న మాట మాకు చెప్పకండి సార్, ఒళ్లు జలదరిస్తుంది. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు. 2025 మే 2న మళ్లీ పనులు మొదలు. మధ్యలో మా వీధిలో ప్లాటు కొన్నవాళ్లు, అమ్ముకున్నవాళ్లు, అమ్ముకోలేక కూర్చున్నవాళ్లు, మూడు రకాలూ ఉన్నారు.

ఒకటే ప్రశ్న. అక్కడ మొదలుపెట్టినాయనే ఇప్పుడూ కుర్చీలో ఉన్నాడా?

జగిత్యాల_గల్ఫ్‌రిటర్న్
గజం ఎంత నడుస్తున్నదన్నా ఆడ?

భీమవరం_బాలిక్‌పాపన్
@జగిత్యాల: గజాల్లేవు తమ్ముడూ, మీటర్లు. రేటు అడిగినవాడి మొహాన్ని బట్టి ఉంటుంది. నా మొహం చూస్తే మూడింతలు.

@తుళ్లూరు: లేడండి. 2019 ఆగస్టు 26న ప్రకటించింది అప్పటి అధ్యక్షుడు జొకోవీ. 2024 అక్టోబరు 20 నుంచి అధ్యక్షుడు ప్రబోవో. ఆపేస్తానని మాత్రం అనలేదు. 2025 నుంచి 2029 వరకు 48.8 ట్రిలియన్ రూపియా కేటాయించారు, 2028కి "రాజకీయ రాజధాని" అంటున్నారు. పనులు జరుగుతూనే ఉన్నాయి, మునుపటి జోరు మాత్రం లేదు.

జకార్తా_జానకి
నేను లాయర్ని కాను. కంపెనీలో భూముల కాగితాలు చూడటం నా పని, పదేళ్లకు పైగా అదే చేస్తున్నాను. అడిగారు కాబట్టి వివరంగా చెబుతా, ఓపిక పట్టండి.

అక్కడ ఏ ముక్కా మీ పేరు మీదకి రాదు. 1960 నాటి 5వ నంబరు భూమి చట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే శాశ్వత యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకే. ఏ డొంకతిరుగుడు దారిన విదేశీయుడికి బదలాయించినా 26వ సెక్షన్ కింద ఆ బేరం చెల్లదు, భూమి సర్కారుకి పోతుంది. పైగా ఇచ్చిన సొమ్ము వెనక్కి అడగడానికి లేదని ఆ సెక్షన్లోనే రాసుంది. విదేశీయుడికి దక్కేవి హక్ పకై, అంటే వాడకపు హక్కు, లేదంటే లీజు. 2021 నిబంధనల్లో హక్ పకై 30 ఏళ్లు, తర్వాత 20, ఆపైన 30.

ఆవిడ పౌరురాలే కదా, ఆవిడ పేరున కొంటే సరి అనుకుంటారందరూ. 1974 పెళ్లి చట్టం ప్రకారం పెళ్లయ్యాక కొన్నదంతా ఉమ్మడి ఆస్తి. ఉమ్మడి అంటే అందులో మీకూ వాటా ఉన్నట్టే, మీరేమో విదేశీయుడు. ఇలా కలిసొచ్చిన హక్ మిలిక్‌ని ఏడాదిలోగా వదులుకోవాలని 21వ సెక్షన్ చెబుతుంది. అందుకే పత్రం రాసే పీపాట్ అధికారి ముందు అడిగేది "పెళ్లి ఒప్పందం ఉందా" అని. ఎవరి ఆస్తి వారిదే అని భార్యాభర్తలు నోటరీ దగ్గర రాసుకున్న కాగితం అది. ఒకప్పుడు పెళ్లికి ముందే రాసుకోవాల్సి వచ్చేది. 2016 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చాక, పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు. మీకుందా?

మామగారు కూతురికి ఇచ్చేది వేరే లెక్క. వారసత్వంగా గానీ దానంగా గానీ వచ్చింది ఆవిడ సొంతం, ఉమ్మడిలోకి రాదు. కాబట్టి ఆవిడ అన్న ఇల్లు ఆలోచన కాగితాల వైపు నుంచి చూస్తే మీ మూడింట్లోకీ గట్టిది. పెరట్లో ఆ ముక్క విడదీసి ఆవిడ పేరున దానపత్రం రాయించుకోవాలి, అంతే.

ఆ "అంతే"లో చిక్కొకటి ఉంది. నుసంతారా హద్దుల్లో 2022 నుంచి భూముల బదలాయింపు మీద ఆంక్షలున్నాయి. అక్కడ ఎవరైనా అమ్మితే కొనే మొదటి హక్కు రాజధాని పాలక సంస్థ ఒతోరితాదని 2022 చట్టమే చెబుతోంది. మీ ఊరు హద్దులో ఎక్కడ పడిందో, ఇప్పుడు దానపత్రానికైనా అనుమతిస్తున్నారో లేదో భూమి ఆఫీసులో అడగండి. బావమరిదిని కాదు.

నిద్రపోనిపిల్లి
జానకి గారు చెప్పింది వింటే మన ఏజెన్సీ 1/70 చట్టం గుర్తొచ్చింది. గిరిజనేతరుడు కొనకూడదు, కొంటే చెల్లదు, అయినా సగం ఊరు బినామీలదే.

బాలి_భాస్కర్
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారు జానకి గారూ. బాలిలో విల్లాలున్న విదేశీయులంతా ఏం చేస్తున్నారు? నమ్మకమైన లోకల్ మనిషి పేరున కొంటారు, అతను మనకి బాకీ ఉన్నట్టు ఒక పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి, లీజు ఒకటి రాయించుకుంటారు. ఇక్కడైతే బయటివాడు కూడా కాదు, సొంత బావమరిదే. హెక్టారు అతని పేరున తీసేసుకోండి. రేటు పెరిగాక ఇదే గ్రూపులో ఏడుస్తారు, అప్పుడే కొనాల్సింది అని.

జకార్తా_జానకి
@భాస్కర్: చేస్తారు, కాదనను. ఆ బాకీ పత్రాల మీద కేసులు వాదించే లాయర్లు కూడా విల్లాలు కట్టుకున్నారు. కోర్టు చూసేది సర్టిఫికెట్ మీద ఎవరి పేరుందో. ఇక్కడ అసలు సర్టిఫికెట్టే లేదు, సెగెల్! దానికి ఇంకొకరి పేరు పెట్టి ఏం దాచుకుంటారు?

సెటిల్‌మెంట్_సుబ్బారావు
సెగెల్ అంటే మన సాదాబైనామా అనుకోవచ్చా?

జకార్తా_జానకి
దగ్గరే. కాకపోతే మన దగ్గర కింద ఉన్నది పట్టా భూమే అయ్యుంటుంది చాలాసార్లు. సెపాకులో అసలు ప్రశ్న అది అడవా కాదా అన్నది. అక్కడ చాలా భూమి రికార్డుల్లో అటవీ ప్రాంతం, కలప కంపెనీల పరిధి. మనుషులు మూడు తరాలుగా దున్నుతుంటారు, మ్యాపులో మాత్రం అడవి. మ్యాపులో అడవైతే ఎన్ని సెగెల్ కాగితాలున్నా సర్టిఫికెట్ రాదు. దేశమంతా 2017 నుంచి పీటీఎస్‌ఎల్ అని ఊళ్లకి ఊళ్లే కొలిచి సర్టిఫికెట్లు పంచారు కదా. ఆ పక్క హెక్టారుకి అప్పుడెందుకు రాలేదో అమ్మేవాణ్ణి అడగండి. జవాబులో తడబాటుంటే అర్థమైపోతుంది.

తుళ్లూరు_పొలంగట్టు
ఇది చూసి ఆగలేక రాస్తున్నా. పోయిన రాత్రి కూర్చుని నుసంతారా గురించి చదివాను. 2024 మార్చిలో పెమాలువాన్ అనే ఊళ్లో జనానికి నోటీసులిచ్చారట, మీ ఇళ్లు ప్లానుకి విరుద్ధం, ఏడు రోజుల్లో మీరే కూల్చుకోండి అని. గోల చేస్తే వెనక్కి తీసుకున్నారు. బాలిక్ అనే తెగవాళ్లవి, రాజధాని మాట పుట్టకముందు నుంచీ ఉన్న ఇళ్లు.

మా దగ్గర ఏం జరిగినా ఎకరం ఇచ్చినవాడికి మెట్టకైతే 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వ్యాపార స్థలం అని రాసిచ్చారు. ఆలస్యమైంది, కడుపు మండింది, కానీ చేతిలో కాగితముంది, దాన్ని పట్టుకుని కోర్టుకెక్కాం. కాగితం లేనివాడు ఏం పట్టుకుని ఎక్కుతాడు? ఆ హెక్టారు జోలికి పోవద్దు సార్.

భీమవరం_బాలిక్‌పాపన్
పెమాలువాన్ మా మామగారి ఊరికి దూరమేం కాదు. నోటీసులప్పుడు మా ఊళ్లోనూ వారం పాటు అదే మాట. ట్రాన్స్‌మిగ్రేషన్ వాళ్లకి సర్టిఫికెట్లున్నాయి, అంతకు వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నవాళ్లకి లేవు. మా మామగారే అంటాడు, "మేం సర్కారు పిలిస్తే వచ్చినవాళ్లం, మాకు కాగితమిచ్చింది. వాళ్లనెవరూ పిలవలేదు, అందుకే ఇవ్వలేదు" అని.

పెళ్లి ఒప్పందం లేదు జానకి గారూ. ఆ మాట ఎత్తితే మా ఆవిడ ఏమనుకుంటుందో.

సంపిత్_సరోజ
ఏమీ అనుకోదు, ఇక్కడ విదేశీయుణ్ణి చేసుకున్న ప్రతి అమ్మాయికీ ఆ సంగతి తెలుసు. మీరు ఎత్తట్లేదని ఆవిడే అనుకుంటూ ఉండొచ్చు!

హైటెక్_హరి
నేను హైదరాబాద్ నుంచే కొంత పెట్టొచ్చా? ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు కదా.

లెక్కల_మాస్టారు
@హరి: పంపొచ్చు. 10 లక్షలు దాటినదాని మీద 20 శాతం టీసీఎస్ పన్ను ముందే కోస్తారు, రిటర్నులో సర్దుకుంటుంది. పంపి ఏం కొంటావు నాయనా? మీద రాసిందంతా మళ్లీ చదువు. విదేశీయుడిగా హక్ పకై మీద ఇల్లు తీసుకోవాలంటే వీసా లాంటి ఇమిగ్రేషన్ కాగితం కావాలి, పైగా ప్రాంతాన్ని బట్టి కనీస ధర ఉంటుంది. బాలిలో విడి ఇంటికి 5 బిలియన్ రూపియా. కంపెనీ పెడతావా, 10 బిలియన్లకి పైగా పెట్టుబడి చూపించాలి. అవేవీ సెపాకులో పామాయిల్ చెట్ల మధ్య ఇంటి కోసం పెట్టిన రూల్సు కావు. ఇంకోటి, విదేశీ ఆస్తి ఉంటే రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపించకపోతే ఏడాదికి 10 లక్షల జరిమానా పడొచ్చు.

హైటెక్_హరి
అర్థమైంది మాస్టారూ. శంకర్‌పల్లిలోనే చూసుకుంటా.

జగిత్యాల_గల్ఫ్‌రిటర్న్
శంకర్‌పల్లిల గజం ఎంత నడుస్తున్నదన్నా?

అశ్వారావుపేట_గెల
అందరూ రాజధాని గురించే మాట్లాడుతున్నారు. ఆ 2 హెక్టార్లలో ఉన్న పామాయిలు సంగతి ఒక్కరూ అడగరేం? ఊరికి అన్నం పెట్టేది అదే కదా.

భీమవరం గారూ, చెట్ల వయసెంత? నాటిన మూడు నాలుగేళ్లకి గెల మొదలు, పాతికేళ్లకి చెట్టు కొక్కెం కర్రకి అందదు, దిగుబడీ పడిపోతుంది. అప్పుడు కొట్టేసి కొత్తవి పెట్టాలి, మళ్లీ మూడేళ్లు రాబడి సున్నా. మీ మామగారి తోట ఏ మలుపులో ఉందో తెలియకుండా మీరు ఆ ఊళ్లో బతుకు లెక్క వేయలేరు.

మొక్క ఎక్కడిదో కూడా అడగండి. సర్టిఫైడ్ టెనెరా (పెంకు పల్చగా, నూనె ఎక్కువగా ఉండే రకం) కాకుండా సంతలో కొన్న విత్తనమైతే అందులో డ్యూరా ఎక్కువ పడుతుంది. కాయ కోసి చూడండి, లోపల పెంకు మందంగా ఉంటే డ్యూరా. మిల్లువాడు నూనె తక్కువని ధర కోస్తాడు.

మాకిక్కడ ఫ్యాక్టరీ దగ్గరే, గెల కోసిన రోజునో మర్నాడో చేరిపోతుంది. ఆలస్యమైతే ఆమ్లం పెరిగి నూనె పాడవుతుంది. కాలిమంతాన్‌లో చిన్న రైతు నేరుగా మిల్లుకి వెయ్యడు, మధ్యలో దళారీ ఉంటాడు, రోడ్డు బురదైతే లారీ రాదు, గెల గట్టునే కుళ్లిపోతుంది. అంటే రాజధాని పేరుతో పడ్డ రోడ్ల వల్ల ముందు బాగుపడేది ఈ గెలే. స్థలం రేటు గురించి కాదు నేననేది. లారీ రోజూ వస్తే పాత తోట కూడా రేపట్నుంచే నాలుగు రాళ్లు ఎక్కువ తెస్తుంది.

2022 గుర్తుందా? ఏప్రిల్ 28న ఇండోనేషియా వాళ్లు పామాయిలు ఎగుమతి ఆపేశారు, మే 23న వదిలారు. మన దగ్గర నూనె ప్యాకెట్ ధర మండిపోయింది, అక్కడ గెల కొనే నాథుడు లేడు. ఒకే పంట మీద కూర్చుంటే ఇలాగే ఉంటుంది. మిరియాలు ఉన్నాయన్నారు, పీకెయ్యకండి.

భీమవరం_బాలిక్‌పాపన్
చెట్లు పొడుగైపోయాయి, మెడ విరిచి చూడాలి. మామగారు ఇప్పుడు గెల కొట్టడం మానేసి కూలిని పెడుతున్నాడు. మీ లెక్కన కొట్టేసే వయసే అన్నమాట. రీప్లాంటింగ్‌కి సర్కారు డబ్బిస్తుందని విన్నాను.

అశ్వారావుపేట_గెల
ఇస్తుంది. హెక్టారుకి 30 మిలియన్ రూపియా ఉండేది 2024లో 60 మిలియన్లు చేశారు. రైతు గుంపుగా పెట్టుకోవాలి, భూమి అడవి లెక్కలో ఉండకూడదు. మళ్లీ అదే మెలిక. మామగారి సర్టిఫికెట్ భూమికి అడిగి చూడొచ్చు, సెగెల్ హెక్టారుకి కష్టం. అయితే ఊరు నగర ప్లానులోకి వెళ్తే తోటకి ఇస్తారో లేదో అదీ కనుక్కోండి. పాతికేళ్ల చెట్టు నాటే ముందు అక్కడ పాతికేళ్లు తోట ఉంటుందా అన్నది తేలాలి కదా.

లెక్కల_మాస్టారు
అద్దె గదుల మాట ఎవరూ ముట్టుకోలేదు. నేను కొంచెం నీళ్లు చల్లుతా.

గదులు ఎవరికి? కూలీలకి. కూలీ ఎంతకాలం ఉంటాడు? పనున్నంత కాలం. 2024 ఆగస్టు 17న స్వాతంత్ర్య దినం అక్కడ జరపాలని రాత్రింబవళ్లు పని చేయించినప్పుడు జనం పోటెత్తారు. వాళ్లకి కూడా సర్కారు 22 టవర్ల వసతి కట్టింది, అందులో పట్టనివాళ్లు, చిన్న సబ్‌కాంట్రాక్టర్ల మనుషులు ఊళ్లలో కోస్ గదుల్లో, అంటే నెల అద్దె గదుల్లో దిగారు. ఇప్పుడు పనుల జోరు తగ్గిందని మీరే రాశారు. మీరు ఆరు గదులు కట్టి తలుపులు పెట్టేసరికి ఎవరుంటారు?

దీనికి ఎదురు వాదన కూడా నేనే చెబుతా. ప్రభుత్వ ఉద్యోగులు నిజంగా తరలితే, 2028 అన్నది జరిగితే, కింది స్థాయి ఉద్యోగులు, గార్డులు, నర్సులు, డ్రైవర్లు వస్తారు. వాళ్లు కూలీల్లా ఆర్నెల్లకి పోరు, కుటుంబంతో ఉంటారు. వాళ్లకి ఒక్క గది చాలదు, వంటిల్లు, బాత్రూము కావాలి. అంటే మీరు ఈరోజు మనిషికి కడతారా, రేపటి మనిషికా? ఆరు వద్దు, రెండు పోర్షన్లు కట్టండి. ఎవరూ రాకపోతే బావమరిది పెళ్లాం పిల్లలతో దిగుతాడు, ఎలాగూ దిగుతాడు.

వ్యాపారం మాత్రం ఆవిడ పేరునే. విదేశీయుడు చిన్న అద్దె వ్యాపారం నడపడానికి అక్కడ కుదరదు.

బాలి_భాస్కర్
మాస్టారూ, ఆ లెక్కన బాలిలో ఎవడూ ఏదీ కట్టేవాడు కాదు. రిస్కు తీసుకోనివాడికి రాబడి ఎక్కడిది? 190 ఏళ్ల భూమి హక్కు ఇచ్చారు నుసంతారాలో, ప్రపంచంలో ఎక్కడుందండీ అది?

జకార్తా_జానకి
@భాస్కర్: పేపర్ చదవడం మానేశారా? 95 ఏళ్ల చొప్పున రెండు విడతలు కలిపితే 190. పెద్ద పెట్టుబడిదార్ల కోసం 2023 సవరణ చట్టంలో పెట్టారు. రెండో విడత హామీని 2025 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అయినా అది తోటల కంపెనీలకి, ఆరు గదుల అద్దెకి కాదు.

బాలి_భాస్కర్
సరే, ఆ ఒక్కటీ వదిలేయండి. ఊరు పెరుగుతుందన్నది మాత్రం వదలను.

సంపిత్_సరోజ
ఇక బతుకు సంగతి నేను చెబుతా. మధ్య కాలిమంతాన్‌లో పామాయిల్ మిల్లు క్వార్టర్స్‌లో ఉంటాం, మార్కెట్టున్న ఊరికి పోవాలంటే ఎర్రమట్టి రోడ్డు. సెపాకు మాకంటే నయం, అయినా పల్లె పల్లే.

నీళ్లతో మొదలుపెట్టండి. బావి నీళ్లలో ఇనుము ఉంటుంది, తెల్లచొక్కా రెండు ఉతుకులకి కాఫీ రంగు. వాన నీళ్లు పట్టుకునే తొట్టి, పైన పెద్ద ట్యాంకు, వడపోత, ఇవి ఇంటి ప్లానులో మొదటి గీతలో ఉండాలి. మీ దగ్గర సెపాకు సెమోయి డ్యామ్ 2024 జూన్‌లో ప్రారంభించారు కదా, ఆ నీళ్లు నగరానికి. మీ వీధి దాకా పైపు ఎప్పుడొస్తుందో ఊళ్లో అడగండి.

కరెంటు ప్రీపెయిడ్ మీటరు, టోకెన్ నంబరు కొట్టాలి, అయిపోయే ముందు అర్ధరాత్రి కీచుకీచుమంటుంది. 3 కిలోల పచ్చ గ్యాసు బుడ్డి పేదలకని రాసుంటుంది, ఊరంతా దాని మీదే వండుతుంది, దొరకని రోజు కట్టెలే. ఏడాది పొడుగునా ఒకే టైముకి చీకటి పడుతుంది, పడిందంటే దోమలు. పని కోసం అడవిలో మకాం వేసేవాళ్లకి మీ వైపు మలేరియా ఉంది, దోమతెర సిగ్గుపడకుండా వాడండి.

తిండికి లోటు లేదు. మునగ ప్రతి కంచెకీ ఉంటుంది. నేను ఆకు కోస్తుంటే మొదట్లో పక్కింటావిడ భయంగా చూసింది. జావా వాళ్లలో శవానికి స్నానం చేయించేటప్పుడు మునగాకు వాడే అలవాటుంది, నేనేమో పప్పులో వేస్తున్నా. చింతపండు దొరుకుతుంది, కరివేపాకు కుండీలో పెట్టుకోండి. పెరుగు మాత్రం తోడు దాచుకోవాల్సిందే. సోయా గింజలతో చేసే టెంపే అలవాటైతే పప్పు లేని రోజు గడిచిపోతుంది.

మనుషులు మంచివాళ్లు, మరీ దగ్గరగా వచ్చే మంచివాళ్లు. ఆరిసాన్ చీటీ ఉంటుంది ఆడవాళ్లకి, మన చీటీల్లాగే, కాకపోతే డబ్బుకన్నా కబుర్లు ఎక్కువ. ఎవరింట్లో ఏ కార్యం ఉన్నా గిన్నెలు కడగడానికి వెళ్లాలి, వెళ్లకపోతే మీ ఇంట్లో కార్యానికి ఎవరూ రారు. పెళ్లయితే రెండు రోజులు డాంగ్‌డుట్ పాటలు, స్పీకర్లు ఇంటంత. మీకు నిద్ర కావాలంటే పెరట్లో ఇల్లు వెనక్కి జరిపి కట్టండి.

2015లో, 2019లో పొగ పట్టినప్పుడు ఎండే కనిపించలేదు మా వైపు. పీట్ నేల, అంటే కుళ్లిన ఆకూ చెట్టూ పేరుకున్న చిత్తడి నేల, కాలితే ఆరదు. మీ వైపు పీట్ తక్కువ, పొగ గాలి వస్తుంది గానీ మా అంత ఉండదు.

పిల్లలున్నారా? ఆ మాట రాయలేదు మీరు. బడి, ఆసుపత్రి చూసుకున్నాకే ఇల్లు.

భీమవరం_బాలిక్‌పాపన్
ఒక పాప, ఒకటో తరగతి. బడి ఊళ్లోనే ఉంది, ఇండోనేషియన్‌లో చదువు, అది పర్వాలేదు. తెలుగు నా మీదే ఆధారం. సెపాకులో చిన్న సర్కారు ఆసుపత్రి ఉంది, 2024లో రాజధాని మధ్య భాగం దగ్గర పెద్ద ప్రైవేటువి కూడా తెరిచారు. నిజం చెప్పాలంటే రాజధాని వల్ల ఆ ఊరికి ఇప్పటిదాకా వచ్చిన అసలు లాభం అదే. మా అత్తగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఒకప్పుడు బాలిక్‌పాపన్ రావాల్సి వచ్చేది.

సరోజ గారూ, నీళ్ల మాట నిజం. ఇన్‌టేక్ (నగరానికి ఏటి నీళ్లు తోడే చోటు) కట్టాక సెపాకు ఏటికి దిగే దారులు కొన్ని మూసుకుపోయాయని ఒడ్డున ఉండే బాలిక్ వాళ్లు మొత్తుకుంటున్నారు. అటు పెద్ద వాన పడితే ఏటి పక్క ఇళ్లలోకి నీళ్లు.

నిద్రపోనిపిల్లి
మొసళ్లు?

భీమవరం_బాలిక్‌పాపన్
బాలిక్‌పాపన్ అఖాతంలో ఉన్నాయి. మా ఊరు లోపలికి, ఏటి దాకా వస్తాయంటారు, నేను చూడలేదు. చూసినవాళ్లు ఇక్కడ పోస్టులు రాయరు.

సెటిల్‌మెంట్_సుబ్బారావు
భూకంపాల మాటేమిటి? ఇండోనేషియా అంటేనే భయం.

లెక్కల_మాస్టారు
ఆ భయం కాలిమంతాన్‌కి తక్కువ. సుమత్రా, జావా, బాలి, లాంబోక్ మీదుగా పోయే అగ్నిపర్వతాల వరసలో ఇది లేదు. లాంబోక్‌లో 2018 ఆగస్టు 5న 6.9 తీవ్రతతో వచ్చి వందల మంది పోయారు. రాజధానికి ఈ చోటు ఎంచుకోవడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. జకార్తా కుంగిపోవడం ఇంకొకటి.

జకార్తా_జానకి
కుంగే ఊళ్లో కూర్చుని రాస్తున్నా, గుర్తు చేయనక్కర్లేదు మాస్టారూ.

భీమవరం_బాలిక్‌పాపన్
నిన్న మా ఆవిడతో కూర్చున్నాను. సరోజ గారు చెప్పినట్టే, పెళ్లి ఒప్పందం మాట ఎత్తగానే "ఇప్పటికి అడిగావా" అంది. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఒక నోటరీ ఆఫీసులో పనిచేస్తోందట, అన్నీ ముందే కనుక్కుని ఉంది. వచ్చే వారం వెళ్తున్నాం.

హెక్టారు వద్దని బావమరిదికి చెప్పేశాను. అలిగాడు. మామగారు మాత్రం అతన్ని పిలిచి, ఆ స్థలం సంగతి నాకు తెలుసు, అమ్మేవాడి అన్నదమ్ములిద్దరు సంతకం పెట్టలేదు అన్నాడు. ఇంతసేపూ ఆ ముక్క ఎవరూ చెప్పలేదు నాకు!

దానపత్రానికి ఇప్పుడు అనుమతి దొరక్కపోతే ఇల్లు మామగారి పేరు మీదున్న స్థలంలోనే కట్టేస్తే ఏమవుతుంది?

జకార్తా_జానకి
మీ డబ్బు, మామగారి నేల. ఆయన ఉన్నన్నాళ్లు ఏమీ కాదు. తర్వాత బావమరిదికీ వాటా ఉంటుంది, ఇప్పటికే అలిగి ఉన్నాడు. కట్టేముందే పెరట్లో ఏ ముక్క ఎవరిదో కుటుంబమంతా కూర్చుని రాసుకుని, అందరి సంతకాలూ నోటరీ దగ్గర పెట్టించండి. అది సర్టిఫికెట్ కాదు, కానీ రేపు పంపకాలప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఖర్చు కూడా అందుకు తగ్గట్టే పెట్టండి. పోయినా తట్టుకోగలిగినంత ఇల్లు. ఇంటి పర్మిట్, పీబీజీ అంటారు, అదీ అడగండి, ప్లానులో ఆ ముక్క నివాసమో పచ్చదనమో అక్కడే బయటపడుతుంది.

అశ్వారావుపేట_గెల
సిమెంటు ఇల్లు కాకుండా చెక్క ఇల్లు కట్టండి, అక్కడ ఉలిన్ చెక్క ఉంటుందటగా, నీళ్లలో ఉన్నా పుచ్చదని. పోతే విప్పుకుని పోవచ్చు.

భీమవరం_బాలిక్‌పాపన్
ఉలిన్ ఇప్పుడు బంగారం. మామగారి పాత ఇంటి స్తంభాలవే, ఇంకా చెక్కు చెదరలేదు. వాటిని కదిపితే ఆయన ఊరుకోడు.

ప్రస్తుతానికి అనుకున్నది: ముందు మ్యాపు, తర్వాత పెళ్లి ఒప్పందం, ఆ తర్వాత ముందు వైపు రెండు గదులు, వెనక వంటిల్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు శని, ఆదివారాలు వెళ్తాం. పెద్ద ట్యాంకుతో పాటు ఇనుము పోయే వడపోత ఏది పెట్టాలో చెప్పండి సరోజ గారూ.

సంపిత్_సరోజ
ముందు నీళ్లు ఒక బకెట్లో పట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి అడుగున ఎర్రగా పేరుకుంటే గాలి తగిలేలా పైనుంచి జల్లులా పడే తొట్టి, కింద ఇసుక, బొగ్గు పొరలు చాలు, ఊళ్లో మేస్త్రీయే కట్టేస్తాడు. పేరుకోకుండా పసుపుగానే ఉంటే అది వేరే తంటా, ఒక సీసాలో పట్టి బాలిక్‌పాపన్‌లో పరీక్ష చేయించి ఇక్కడ రాయండి, అప్పుడు చెబుతా.

జగిత్యాల_గల్ఫ్‌రిటర్న్
గా బావమరిది అలక తీరిందా లేదా అది చెప్పురి ముందుగాల.